ఎర్రదారిలో పక్కీరమ్మ

రూపనగుడి,
బళ్లారి జిల్లా,
2 జూన్ 2025

మా అన్న మారెప్పకు పక్కీరమ్మ మొక్కులు.

ఈడ అందరం బాగుండాం. నీ మోకాలినొప్పి ఎట్లుండాదో, వదిన తిమ్మమ్మకు షుగరు దిగిందో లేదో రాయి. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాయితం మీద రాస్తేనే రికార్డు అంటావు గదా. అందుకే మా కూతురు మహాదేవి నగుతాన్నా పెన్ను పట్టుకుని కూర్చున్నా.

సంగతి ఏందంటే, మన ఎరువుల అంగడికి కంపెనీ టూరు వచ్చింది. సింగపూరుకు, ఐదు దినాలు. ఈ ఏడు పత్తి విత్తనాలు, మిరపతోట మందులు మన చుట్టుపక్కల ఎక్కువ అమ్మింది మనమేనంట. ఇచ్చింది ఒక్కటే టికెట్టు. అది నా పేరున వచ్చింది. అంగడి పెట్టిన కాలంలో మా ఇంటాయన సొసైటీలో గుమాస్తా. లైసెన్సు తన పేరున తీసుకునేదానికి లేక నా పేరు రాయించినాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు, లైసెన్సులో ఎవరి పేరుంటే వాళ్లే రావాలంటారు.

ఆయప్ప మూడు దినాలు సరిగ్గా అన్నం తినలేదు. నాలుగో దినం తానే వచ్చి, పోతే పో, అయితే రూల్సన్నీ మీ అన్నను అడిగి పో అన్నాడు. కస్టమ్స్ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి ఇంట్లో ఉండంగా ఊరోళ్లను అడిగేదేంది అన్నాడు. అది ప్రేమతో అన్నాడో, నువ్వు భయపెడితే నేను ఆగిపోతానని అన్నాడో నాకు తెలీలేదు.

నలభైమంది డీలర్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఏం తీసకపోవాల, ఏం తీసకపోగూడదు, వాళ్లు అడిగితే ఏం చెప్పాల, అంతా వివరంగా రాయి.

నీ చెల్లెలు,
పక్కీరమ్మ

*

మంగళూరు,
9 జూన్ 2025

విషయం: విదేశ ప్రయాణ నిబంధనలు.
ఉల్లేఖం: నీ 2-6-2025 నాటి ఉత్తరం.

చిరంజీవి పక్కీరమ్మకు ఆశీస్సులు.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, కస్టమ్స్ అంటే సంత కాదు. ముప్పై ఏండ్ల అనుభవంతో రాస్తున్నాను, ఈ ఉత్తరం వెంట పెట్టుకుని పో.

మొదటి మాట, ఇంకొకరి పొట్లం మోయవద్దు. కన్నతండ్రి ఇచ్చినా మోయవద్దు. లోపల ఏముందో నీకు తెలియదు, పట్టుబడితే జవాబు చెప్పవలసింది నువ్వు. ఒంటి మీది బంగారం బయలుదేరే రోజే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి సర్టిఫికెట్ తీసుకో. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్నావంటారు, నీ గాజులకు నువ్వే సుంకం కట్టాలి. టేప్ రికార్డర్, వి.సి.ఆర్. ఉంటే వాటి నంబర్లు పాస్‌పోర్టు మీద రాయించుకో. దిగే ముందు విమానంలో ఒక కాయితం ఇస్తారు, నీలి సిరాతోనే నింపు, కొట్టివేతలు ఉండరాదు.

దిగిన తరువాత రెండు దారులుంటాయి. ఏమీ లేనివాళ్లకు పచ్చదారి, చూపించవలసినవి ఉన్నవాళ్లకు ఎర్రదారి. నువ్వు పచ్చదారిలో తల వంచుకుని పో. అడిగినదానికే జవాబు. అడగనిది చెప్పిన వాడే ఎప్పుడూ చిక్కుకుంటాడు, ఇది నేను కళ్లారా చూసినది.

మీ ఆయన హంపన్నను అడిగానని చెప్పు. అతని బాధ న్యాయమైనదే. అయినా కాయితంలో ఉన్నవాడే మనిషి.

ఇట్లు,
మారెప్ప (రిటైర్డ్, కస్టమ్స్)

*

రూపనగుడి,
20 జూన్ 2025

అన్నా,

నీ ఉత్తరం అందరి ముందర చదివినాం. ఆయప్ప రెండుసార్లు చదివించుకున్నాడు.

టేపు రికార్డరు మనింట్లో ఎలకలు కొరికి పోయి పద్దెనిమిదేండ్లాయె. వి.సి.ఆర్. ఎప్పుడూ లేదు. మిక్సీ ఉండాది, అది నేను తీసకపోను. విమానంలో ఇచ్చే కాయితం గూడ ఇప్పుడు లేదంట. మూడు దినాల ముందర ఫోన్లోనే నింపల్లంట. మహాదేవి సింగపూరు సర్కారోళ్ల పేజీ తెరిచి, ఏమేం అడుగుతారో అన్నీ కన్నడలో చెప్పింది. నేను నీలి సిరా పెన్ను మటుకు కొనిపెట్టుకున్నా. నువ్వు చెప్పినావు గదా.

నమలే జిగురు తేగూడదంట. ఆకువక్కలో వేసుకునే పొగాకు సుతరాం తేగూడదంట. నాకు ఆ అలవాటు లేదు, నలభైమందిలో ముప్పైమందికి ఉండాది. ఎండిన కడక్ జొన్నరొట్టెలు, చెనిక్కాయ చట్నీపొడి తినేంత తీసకపోవచ్చునంట.

రూల్సు కొంచెం మారినట్టుండాయి అన్నా. బంగారు కాయితం సంగతి మటుకు ఎవరికీ తెలీదు. కంపెనీ మేనేజరు నితిన్‌ను అడిగితే ఆయనకే తెలీదు. అందుకే నీ ఉత్తరం దాచిపెట్టినా.

పక్కీరమ్మ

*

మంగళూరు,
28 జూన్ 2025

చిరంజీవి పక్కీరమ్మకు,

రూల్సు మారవు. వాటిని చదివేవాళ్లు మారతారు. ఫోన్లో చూసి అన్నను దిద్దే కాలం వచ్చినందుకు సంతోషం.

అది ఉంచు. ఈ ఉత్తరంతో పాటు రిజిస్టరు పార్సెల్‌లో ఒక పొట్లం వస్తుంది. సింగపూరులో సుష్మ అనే అమ్మాయి ఉంది. ఒకప్పుడు మా కమిషనరు సాహేబ్రుగా ఉన్న పెద్దమనిషి కూతురు. ఇప్పుడు అక్కడే పెద్ద ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మీ వదిన చేసే మసాలాపొడి అంటే ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆమె ఫోన్ నంబరు పొట్లం మీద రాశాను. హోటలు కిందికి పిలిచి చేతికిచ్చి పంపించు.

పైకి పిలవవద్దు, కూర్చోబెట్టి మాటలు పెట్టవద్దు. పెద్దవాళ్ల బిడ్డ, ఆమెకు తీరిక ఉండదు. ఇచ్చి నమస్కారం పెట్టి వచ్చెయ్.

మారెప్ప

*

రూపనగుడి,
10 జూలై 2025

అన్నా,

పార్సెల్ అందింది. కన్నతండ్రి పొట్లమైనా మోయొద్దని నువ్వు రాసి నెలే ఆయె. అన్న పొట్లం గురించి రాయలేదు గాబట్టి నేనే ఆలోచించుకోవాల్సి వచ్చింది.

లోపల ఏముందో తెలియకుండా మోయొద్దన్నావు గదా, విప్పి చూసినా. కోప్పడొద్దు. వదిన చేతి మసాలా, వాసనకే తెలిసింది. అయితే దాంట్లో గసగసాలు శానా ఉండాయి. గసగసాలు సింగపూరుకు తీసకపోతే కష్టమని మహాదేవి చూసి చెప్పింది. అవి మత్తుమందు పండే చెట్టు గింజలంట, వాళ్లు వాటిని మత్తుమందు లెక్కనే చూస్తారంట. నలభై ఏండ్లుగా కోడికూరలో వేస్తాండా, నాకు ఒక దినం గూడ మత్తు రాలేదు. వాళ్ల ఊరు, వాళ్ల ఇష్టం.

పారేసేదానికి మనసు రాక ఆదివారం కోడికూర చేసి తింటిమి. బో రుచిగా ఉన్నింది. ఆయప్ప నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు. సుష్మ కోసం నేను వేరే దంచి తీసకపోతా.

ముప్పై ఏండ్లు కస్టమ్స్‌లో చేసినోనికి గసగసాల సంగతి ఎట్ల తెలీకపోయిందని ఆయప్ప అడిగినాడు. మంగళూరుకు పడవలు వస్తాయి గాని కోడికూరలు రావు గదా అని చెప్పినా.

పక్కీరమ్మ

*

మంగళూరు,
16 జూలై 2025

పక్కీరమ్మకు,

నేను నమ్మి పంపిన పొట్లాన్ని నువ్వు దొంగసొత్తులాగా విప్పి సోదా చేశావు. సంతోషం. హంపన్న ముందర నా ఉద్యోగం మీద విచారణ కూడా జరిగింది. ఇంకా సంతోషం.

నువ్వు ఏమీ దంచవద్దు. సుష్మకు ఫోన్ చేయవద్దు. ఆమెను కలవనే వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను.

మారెప్ప

*

రూపనగుడి,
24 జూలై 2025

అన్నా,

నీ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ముందు పైకి పిలవొద్దన్నావు, మాట్లాడొద్దన్నావు. ఇప్పుడు కలవనే వద్దంటాండావు. పొట్లం విప్పినందుకే ఇంత కోపమని నేను అనుకోను. ఆఫీసరు చెల్లెలు యూరియా మూటల మధ్య కూర్చునే మనిషని, ఇట్ల మాట్లాడుతుందని ఆ పెద్దోళ్ల బిడ్డకు తెలిసేది నీకు ఇష్టం లేదు. ఆ మాట సూటిగా రాసింటే ఇంత బాధపడేదాన్ని కాదు. అవ్వ దగ్గర ఆలూరులో ఒకే పలక మీద ఇద్దరం అక్షరాలు దిద్దినాం. నువ్వు పైకి పోతివి, నేను ఈడనే ఉండిపోతి. దాంట్లో నా తప్పేముంది?

ఆగస్టు పదారున పోతాండాం. వచ్చినాక రాస్తా.

పక్కీరమ్మ

*

రూపనగుడి,
24 ఆగస్టు 2025

అన్నకు,

పోయొచ్చినా. వరసగా చెబుతా, మధ్యలో కోప్పడకుండా చదువు.

బెంగళూరు ఏర్‌పోర్టులో బంగారానికి కాయితం కావాలని నేనంటే మేనేజరు నితిన్ తల పట్టుకున్నాడు. ఆ కాయితం ఇచ్చే కస్టమ్సోళ్లు యాడుంటారో ఆయనకు తెలీదు. గంట తిరిగితే దొరికిరి. గాజులు, గొలుసు, కమ్మలు తూచి, సీలు వేసి కాయితం ఇచ్చిరి. మిగిలినోళ్లు, ఈ ఆడామె వల్ల అందరికీ లేటు అని గొణుగుతాండ్రి.

సింగపూరులో దిగినాక నువ్వు చెప్పినట్టే రెండు దారులుండాయి. మిగిలిన ముప్పైతొమ్మిదిమందీ పచ్చదారిలో పోయిరి. నేను ఎర్రదారిలో పోయినా. నా సంచిలో మసాలా డబ్బా ఉండాది గదా. నువ్వు వద్దన్నా, గసగసాలు మానేసి నువ్వులు వేసి దంచినా. అడగనిది చెప్పొద్దన్నావు, అయితే అడిగేదాకా గుండె దడదడ కొట్టుకునేదానికన్నా ముందే చెప్పేది నయం అనిపించింది. తలకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడపిల్ల కూర్చోనుంది. డబ్బా తీసి ముందర పెట్టి, మహాదేవి నేర్పినట్టు "మసాలా, నో పాపీ" అంటి. ఆ పిల్ల మూత తీసి వాసన చూసి రెండు తుమ్ములు తుమ్మింది. నగి, మూత పెట్టి ఇచ్చేసింది. అంతే.

పచ్చదారిలో పోయినోళ్లలో కంప్లి డీలరు చెన్నకేశవరావును పక్కకు పిలిచినారు. జేబులో పొగాకు పొట్లాలు ఏడు దొరికినాయి. ఆయన బయటికి వచ్చేదాకా మేమంతా బస్సులో కూర్చోనుంటిమి.

సుష్మకు నేను ఫోన్ చేయలేదన్నా. నువ్వు వద్దన్నావు. ఆ పిల్లే వచ్చింది. వదిన ఫోన్ చేసి హోటలు పేరు చెప్పిందంట. వదినను ఏమీ అనొద్దు. మూడో దినం పొద్దున టిఫిన్ తింటాంటే, ప్యాంటు వేసుకున్న ఒకామె ఇద్దరు పిల్లల్ని తోలుకోని వచ్చి, "మీరు మారెప్పన్న చెల్లెలు గదా" అని నా కాళ్లకు దండం పెట్టింది. మన ఇద్దరి ముక్కు ఒకటేనంట.

రెండు గంటలు కూర్చుంది. నేనేమీ అడగలేదు, ఆమే చెప్పింది. నాలుగేండ్లు దినమూ స్కూలుకు తీసకపోయి తీసకొచ్చింది నువ్వేనంట. వానల్లో రోడ్డు మునిగితే కారు ఆపి, భుజం మీద ఎక్కించుకోని మోకాలిలోతు నీళ్లల్లో గేటు దాకా తీసకపోయినావంట. మధ్యాహ్నం నీ డబ్బాలో రొట్టె, మసాలా కూర తనే తినేదంట, నువ్వు ఆకలి లేదని బిస్కెట్లు తినేవాడివంట. "మా నాన్న నన్ను స్కూల్లో చూసింది రెండుసార్లు ఆంటీ, మారెప్పన్న ప్రతిరోజూ చూశాడు" అనింది. డ్రైవరు అనే మాట ఆ పిల్ల నోట్లోనించి నాలుగైదు సార్లు వచ్చింది. నాకు తెలుసులే అన్నట్టు తల ఊపినా. డబ్బా వాసన చూసి, గసగసాలు లేవేంటి అని కనిపెట్టింది. మా అన్న రూలు అంటి.

తిరిగి వచ్చేటప్పుడు విమానంలో చెన్నకేశవరావు నా పక్కకు వచ్చి, "ఆడవాళ్ల మెడలో గొలుసు ఎవరూ చూడరండీ పక్కీరమ్మగారూ, బెంగళూరు దాటేదాకా వేసుకోండి" అని ఒక గొలుసు ఇయ్యబోయినాడు. నాకు మెడ ఒకటే ఉండాది, దానికి కాయితం గూడ ఉండాది అని చెప్పినా. దాన్ని తానే లోపల చొక్కాలో పెట్టుకున్నాడు. బెంగళూరులో మళ్లీ ఆయన్నే పక్కకు పిలిచిరి. నా కాయితం చూసి నన్ను నాలుగు నిమిషాలకు పంపిరి. అయితే బస్సు ఒకటే గదా, ఆయన కోసం మూడు గంటలు నేను గూడ బయట కూర్చుంటి. రూలు పాటించినోళ్లు, పాటించనోళ్లు ఒకే టైముకు బళ్లారి చేరినాం.

ఆడ నా కాయితం చూసి పంపించిన కస్టమ్స్ సాహేబ్రు, ఈ కాయితం సంగతి మీకెవరు చెప్పినారని అడిగినాడు. మా అన్న మంగళూరు కస్టమ్స్‌లో చేసినాడంటి. ఏ పోస్టు అన్నాడు.

"డ్రైవరు" అంటి.

చెప్పినాక నాకు ఏమీ చిన్నతనం అనిపించలేదు. ఆయప్పకు మటుకు ఏమీ చెప్పలేదు. సింగపూరు ఎట్లుండాదని అడిగితే, రోడ్లు కడిగినట్టుండాయి అని చెప్పినా. నీ సంగతి నువ్వు ఎట్ల చెప్పమంటే అట్ల చెబుతా.

నీ చెల్లెలు,
పక్కీరమ్మ

*

మంగళూరు,
1 సెప్టెంబర్ 2025

పక్కీరీ,

ఈసారి విషయం, ఉల్లేఖం రాయను.

నాకు ఆర్డరు వచ్చినప్పుడు నాయనకు చదవరాక, ఏముందిరా అని అడిగినాడు. కస్టమ్స్‌లో పనొచ్చింది నాయనా అన్నా. అది అబద్ధం కాదు. నాయన టీ అంగడికి పోయి, మా కొడుకు కస్టమ్స్ ఆఫీసరు అని చెప్పొచ్చినాడు. ఆ మొగం చూసి నేను కాదనలేకపోయినా. రేపు చెబుదామనుకున్నా. ఐదేండ్లు రేపు రాలేదు. అంతలోకి నీ పెండ్లి మాటలు వచ్చినాయి. హంపన్న వాళ్ల నాయన, పిల్ల అన్న ఆఫీసరంట, ఇంకేం కావాల అని అదే దినం ఆకువక్క మార్చుకున్నాడు. ఇంక ఎట్ల చెప్పేది? నా మాట పోతే నీ పెండ్లి పోతుందని భయపడితి. పెండ్లయినాక నీ సంసారం పోతుందని భయపడితి.

ఇన్నేండ్లలో నిన్ను ఒక్కసారి మంగళూరుకు పిల్చలేదు. క్వార్టర్సు రిపేరు అన్నా, వానలన్నా. నువ్వు నమ్మినావు. సుష్మ దగ్గర నీ మాట చూసి, నీ చీర చూసి నేను సిగ్గుపడలేదు తల్లీ. నన్ను చూసే సిగ్గుపడినా. నువ్వు ఆ ఉత్తరం రాసినప్పుడు, ఆ తప్పు నామీద వేసుకునేదే నయమనిపించి జవాబు రాయలేదు. అది మొదటి అబద్ధం కన్నా పెద్దది.

రూల్సు యాడ నేర్చుకున్నా అంటావేమో. కారు ముందర సీట్లో కూర్చోని, వెనక సీట్లో సాహేబ్రు మాట్లాడేది వినబట్టి వచ్చినాయి. సాహేబ్రులు మారేకొద్దీ కొత్త రూల్సు తెలుస్తాండె. రిటైరై రెండేండ్లాయె, వెనక సీటు ఖాళీ. అందుకే నా రూల్సు పాతబడినాయి. గసగసాల సంగతి ఎవురూ కార్లో మాట్లాడలేదు.

హంపన్నకు నువ్వే చెప్పు. నేను ఎదురుగా నిలబడి చెప్పలేను. అతను ఏమన్నాడో దాచకుండా రాయి.

మారెప్ప

*

రూపనగుడి,
14 సెప్టెంబర్ 2025

అన్నా,

నీ ఉత్తరం వచ్చినాక నాలుగు దినాలు చెప్పలేకపోయినా. ఐదో దినం అంగట్లో గిరాకీ లేని టైములో, ఆయప్ప మూటలు సర్దుతాంటే చెప్పేసినా. మా అన్న ఆఫీసరు కాదు, డ్రైవరు అని. ఆయప్ప సర్దేది ఆపలేదు.

"తెలుసు" అన్నాడు.

మా పెండ్లయిన రెండో ఏడు సొసైటీ పొటాష్ లోడు కోసం మంగళూరు హార్బరుకు వచ్చినాడంట. గేటుకాడ నువ్వు తెల్ల బట్టలు వేసుకోని కారు తుడుస్తాండావంట. మారెప్పా, బండి తియ్ అని ఎవరో పిలిస్తే పరిగెత్తినావంట. నిన్ను పలకరిద్దామని వచ్చినోడు, లారీ చాటున నిలబడి, నువ్వు పోయినాక పోయినాడంట. వాళ్ల నాయనకు చచ్చేదాకా చెప్పలేదు. నాకు ఎందుకు చెప్పలేదంటే, నేను చిన్నబోతానని అన్నాడు.

నాకు కోపం వచ్చి రెండు దినాలు మాట్లాడలేదు. ఇంతమంది డీలర్లలో ఒక్కదాన్ని పోయొచ్చినా, ఎర్రదారిలో పోయొచ్చినా. నన్ను చిన్నబోనీకుండా మీరిద్దరూ ఇన్నేండ్లు కాపాడినారంట. ఆ కాపాడిన దానికి నేను మంగళూరు చూడలేదు, వదిన ఇంట్లో ఒక పూట అన్నం తినలేదు.

మూడో దినం అడిగినా. అన్నీ తెలిసిన మనిషి, రూల్సు మా అన్నను అడగమని నన్ను ఎందుకు పంపినావని. నేను ఆగిపోతాననే గదా అంటి. మొదట అందుకే అనుకున్నాడంట, ఒప్పుకున్నాడు. తర్వాత, "రిటైరైనోన్ని ఎవురడుగుతారు పక్కీరీ, మనమన్నా అడగల్ల గదా" అన్నాడు.

దసరా పోయినాక ఇద్దరం మంగళూరుకు వస్తాండాం. ఇల్లు రిపేరు అని రాయొద్దు.

ఇంకొక మాట. వచ్చే ఏడు కంపెనీ రెండు టికెట్లు ఇస్తుందంట. ఆయప్ప పాస్‌పోర్టు చేయించుకోవాల. ఏమేం కాయితాలు కావాల్నో వివరంగా రాయి. మహాదేవి ఫోన్లో చూస్తానంటే ఆయప్ప వద్దన్నాడు, నిన్నే అడగమన్నాడు.

నీ చెల్లెలు,
పక్కీరమ్మ